లినక్స్ డెస్క్‌టాప్ ఎందుకు ఆగిపోతోంది? 38 రోజుల డైరీ

1వ రోజు

చెల్లి రాసుకుంటున్న ప్రాజెక్టు రిపోర్టులో ఇవాళ నాలుగు పేజీలు పోయాయి. స్క్రీన్ ఉన్నది ఉన్నట్టు బిగుసుకుపోయింది. మౌస్ లేదు, కీబోర్డు లేదు. పవర్ బటన్ నొక్కి పట్టుకోవడం తప్ప తనకు వేరే దారి దొరకలేదు.

"అన్నయ్యా, రెండు నెలల్లో రిపోర్టు ఇవ్వాలి. ఈ కంప్యూటర్‌ని నమ్ముకోవచ్చో లేదో ఒక మాట చెప్పు, చాలు" అంది.

చెప్పలేకపోయాను. కొన్ని వారాలుగా ఇది ఆగిపోతోందని తెలుసు. ప్రతిసారీ రీస్టార్ట్ చేసి పని చూసుకున్నాం. ఎన్నిసార్లు ఆగింది, ఏం చేస్తున్నప్పుడు ఆగింది అని ఒక్కసారీ రాసిపెట్టలేదు. అందుకే ఈ డైరీ.

మెషిన్ సంగతి: ఆరేళ్ల క్రితం విడిభాగాలు తెచ్చి నేనే బిగించాను. ర్యామ్ 8 జీబీ, ఒక ఎస్ఎస్‌డీ, నెట్ కేబుల్ కనెక్షన్. కేబినెట్, ఎస్ఎంపీఎస్ (అన్నిటికీ కరెంటు అందించే పెట్టె) మాత్రం అంతకు ముందున్న కంప్యూటర్‌వి.

ముందుగా రిపోర్టు ఫైలు సంగతి చూశాను. ఆటో రికవరీ 10 నిమిషాలకు ఒకసారి ఉంటే 2 నిమిషాలకు తగ్గించాను. రోజుకు రెండుసార్లు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ. జబ్బు కుదిరేదాకా కనీసం పేజీలు పోకూడదు.

2వ రోజు

చేయకూడని పని చేశాను. కెర్నల్ (హార్డ్‌వేర్‌ని నడిపించే లినక్స్ మూల భాగం) అప్‌డేట్ చేసి, గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చి, డెస్క్‌టాప్ ఎఫెక్ట్స్ అన్నీ ఆపేశాను. మూడూ ఒకే గంటలో. రాత్రి 9 గంటలకు మళ్లీ ఆగింది. ఒకవేళ ఆగకపోయినా నాకేం తెలిసేది? మూడింట్లో ఏది పనిచేసిందో చెప్పలేను కదా. అన్నీ పాత స్థితికి తెచ్చాను. ఇక నుంచి ఒకసారికి ఒక్క మార్పే. మార్చిన తేదీ, టైము నోట్‌బుక్‌లో రాస్తాను.

3వ రోజు

ఇవాళంతా లాగ్‌ల (కంప్యూటర్ తన పని గురించి రాసుకునే రికార్డుల) మీదే కూర్చున్నాను.

జర్నల్‌సీటీఎల్ కమాండ్‌కి మైనస్ బీ మైనస్ 1 అని ఇస్తే గత బూట్ లాగ్ చూపిస్తుంది. చివరి లైన్లకు వెళ్లి చూస్తే ఏమీ లేదు. కంప్యూటర్ ఆగింది 9:04కి. లాగ్‌లో చివరి లైను 9:01ది, అదీ నెట్‌వర్క్ సర్వీస్ మామూలుగా రాసుకున్న మాట. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు.

ఇక్కడ చాలామంది "లాగ్‌లో ఏమీ లేదు కాబట్టి హార్డ్‌వేర్ సమస్యే" అనేస్తారు. అలా అనే ముందు ఒకటి తెలుసుకోవాలి. లాగ్‌లు రాసే జర్నల్‌డీ ప్రోగ్రామ్ ప్రతి లైనునీ వెంటనే డిస్కు మీద ఖాయం చేయదు. మామూలు సెట్టింగ్‌లో 5 నిమిషాలకు ఒకసారి సింక్ చేస్తుంది, అంటే మెమరీలో ఉన్నది డిస్కులోకి రాసేస్తుంది. క్రిటికల్, అంతకంటే తీవ్రమైన మెసేజ్ వస్తే మాత్రం అప్పటికప్పుడు చేస్తుంది. అంటే ఆగిపోవడానికి ముందు మూడు నాలుగు నిమిషాల్లో మామూలు ఎర్రర్ ఏదైనా వచ్చినా, పవర్ బటన్ నొక్కగానే అది మెమరీతోపాటే పోవచ్చు. నాకు కావలసినవి సరిగ్గా ఆ నిమిషాలే.

జర్నల్‌డీ సెట్టింగ్స్ ఫైల్లో సింక్ ఇంటర్వల్‌ని 5 సెకన్లు చేశాను. లాగ్ రీబూట్ తర్వాత కూడా నిలిచేలా స్టోరేజ్ దగ్గర పర్సిస్టెంట్ అని పెట్టాను. ఎస్ఎస్‌డీ మీద రాతలు కొంచెం పెరుగుతాయి. కొన్నాళ్లకు ఫర్వాలేదు.

రెండో పని సిస్‌రిక్వెస్ట్ కీ. ప్రింట్ స్క్రీన్ కీనే అది. ఆల్ట్‌తో కలిపి దాన్ని పట్టుకుని ఇంకో అక్షరం నొక్కితే ఆ ఆజ్ఞ నేరుగా కెర్నల్‌కి వెళ్తుంది. డెస్క్‌టాప్ మొత్తం పడిపోయినా కెర్నల్ బతికి ఉంటే వింటుంది. మేం వాడే లినక్స్ రకంలో (డిస్ట్రోలో) దీని విలువ 176 అని ఉంది. 128, 32, 16 కలిపితే 176. అంటే రీబూట్ (బీ), డిస్కుల్ని రీడ్ ఓన్లీగా మార్చడం (యూ), సింక్ (ఎస్), ఈ మూడింటికే అనుమతి. మెమరీ నిండినప్పుడు ఒక ప్రోగ్రామ్‌ని చంపమని చెప్పే ఎఫ్ అక్షరం అందులో లేదు. విలువని 1 చేస్తే అన్నీ పనిచేస్తాయి. కీబోర్డు దగ్గరికి వచ్చిన ఎవరైనా వీటిని వాడగలరు కాబట్టి ఆఫీసు మెషిన్లో అలా వదిలేయకూడదు. మా ఇంట్లో ఇబ్బంది లేదు.

కీబోర్డు కింద ఒక చీటీ అంటించాను. ఆగిపోయినప్పుడు చెల్లి వరసగా చేయాల్సినవి: క్యాప్స్ లాక్ నొక్కి లైటు మారుతుందో లేదో చూడు. డిస్కు లైటు వెలుగుతోందా, ఆరిందా చూడు. ఆల్ట్, ప్రింట్ స్క్రీన్ పట్టుకుని ఎస్, యూ, బీ ఒక్కొక్కటే రెండు సెకన్ల తేడాతో నొక్కు. ఏమైందో టైముతో సహా నోట్‌బుక్‌లో రాయి. పవర్ బటన్ అన్నిటికంటే చివర.

4వ రోజు

ఆగిపోయిన మెషిన్ తన గురించి తాను చెప్పుకోలేదు. పక్కన ఇంకో మెషిన్ కూర్చుని దీన్ని కనిపెట్టుకుని ఉండాలి. అల్మారాలో ఉన్న పాత ల్యాప్‌టాప్‌ని బయటికి తీశాను.

డెస్క్‌టాప్‌లో నెట్‌కన్సోల్ అనే కెర్నల్ మాడ్యూల్ ఎక్కించాను. కెర్నల్ ప్రింట్ చేసే ప్రతి మెసేజ్‌నీ అది యూడీపీ ప్యాకెట్‌గా (నెట్‌వర్క్ మీద వెళ్లే చిన్న మూటగా) పక్క మెషిన్‌కి పంపేస్తుంది. డిస్కు, జర్నల్, డెస్క్‌టాప్ ఏవీ పనిచేయాల్సిన అవసరం లేదు. నెట్ కేబుల్ ఉండాలి, వైఫై డ్రైవర్లలో చాలావాటికి ఈ సదుపాయం లేదు. ల్యాప్‌టాప్‌లో నెట్‌క్యాట్ అనే ప్రోగ్రామ్‌ని 6666 పోర్టు మీద వింటూ ఉండేలా పెట్టి, వచ్చిందంతా ఫైల్లోకి మళ్లించాను. మొదట్లో ఏ మెసేజూ రాలేదు, గంట పోయింది. చూస్తే కన్సోల్ లాగ్ లెవెల్ తక్కువగా ఉంది. డీమెసేజ్ కమాండ్‌తో దాన్ని 8 చేశాక, డెవ్ ఫోల్డర్లోని కేమెసేజ్ ఫైల్లోకి "పరీక్ష" అని రాస్తే ల్యాప్‌టాప్ తెర మీద కనిపించింది. ఈ పరీక్ష చేయకుండా ఎవరూ నెట్‌కన్సోల్‌ని నమ్మొద్దు. మెసేజ్ రాకపోవడమే నాకు సాక్ష్యం కాబోతున్నప్పుడు, వచ్చే దారి తెరిచి ఉందని ముందే తెలిసి ఉండాలి.

దానికి తోడు చిన్న స్క్రిప్టు. ప్రతి 5 సెకన్లకు టైము, మిగిలిన మెమరీ, ప్రాసెసర్ ఉష్ణోగ్రత, లోడ్ (ప్రాసెసర్ మీదున్న పని), మెమరీ ప్రెషర్ (మెమరీ కోసం ఎదురుచూపు) ఒక లైనుగా ల్యాప్‌టాప్‌కి పంపుతుంది. దానికి నాడి అని పేరు పెట్టాను. ల్యాప్‌టాప్ నుంచి డెస్క్‌టాప్‌కి పింగ్ (బతికున్నావా అని నెట్‌వర్క్‌లో అడగడం) కూడా ఆగకుండా నడుస్తుంది.

5, 6 రోజులు

మామూలు పరీక్షలు. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ రాత్రంతా నడిపాను, 4 పాస్‌లు, ఒక్క ఎర్రర్ లేదు. ఎస్ఎస్‌డీ తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ రిపోర్టు శుభ్రంగా ఉంది. స్ట్రెస్ ఎన్‌జీతో అన్ని కోర్లనూ 6 గంటలు పిండాను. ఉష్ణోగ్రత 71 డిగ్రీలు దాటలేదు, నాడి ఒక్క లైను కూడా తప్పలేదు.

ఆ ఆరు గంటలూ టెన్షన్‌గా ల్యాప్‌టాప్ ముందే కూర్చున్నాను. మెషిన్ ఆగిపోతే బాగుండు, కారణం దొరుకుతుంది అనిపించింది. ఆగలేదు. లోడ్ తీసేసి భోజనానికి లేచిన అరగంటకి, ఎవరూ ముట్టుకోకుండానే ఆగింది. అప్పుడు దాన్ని అంతగా పట్టించుకోలేదు. నోట్‌బుక్‌లో రాశాను, అంతే.

9వ రోజు

ఇవాళ మధ్యాహ్నం ఆగిపోవడాన్ని మొదటిసారి మొదటినుంచీ చూశాను.

చెల్లి బ్రౌజర్లో చాలా ట్యాబ్‌లు తెరిచి, వీడియో కాల్ మాట్లాడుతూ, రిపోర్టులో బొమ్మలు పెడుతోంది. ల్యాప్‌టాప్ మీద నాడి చూస్తున్నాను. మిగిలిన మెమరీ 1.4 జీబీ నుంచి 300 ఎంబీకి, అక్కడి నుంచి 90కి పడింది. మెమరీ ప్రెషర్‌లో ఫుల్ అనే అంకె, అప్పటిదాకా సున్నా, 12 అయింది, 41 అయింది, 70 దాటింది. గత పది సెకన్లలో 70 శాతం సేపు, పని ఉన్న ప్రోగ్రాములన్నీ మెమరీ కోసం చేతులు కట్టుకుని నిలబడ్డాయని దాని అర్థం. 2018 డిసెంబరులో వచ్చిన 4.20 కెర్నల్ నుంచి ఈ లెక్క దొరుకుతోంది.

మౌస్ గీత గీతలుగా కదిలి ఆగింది. డిస్కు లైటు ఆరకుండా వెలుగుతోంది. 5 సెకన్లకు రావాల్సిన నాడి 20 సెకన్లకు వచ్చింది, తర్వాత నిమిషానికి. పింగ్‌కి మాత్రం జవాబు వస్తూనే ఉంది. క్యాప్స్ లాక్ లైటు కూడా, ఆలస్యంగానైనా మారింది.

మెమరీ నిండితే కెర్నల్ ఏదో ఒక ప్రోగ్రామ్‌ని చంపాలి కదా, ఎందుకు ఊరుకుంది? ప్రోగ్రాముల కోడ్ డిస్కు మీది ఫైళ్లలోనే ఉంటుంది కాబట్టి, చోటు కావాలంటే కెర్నల్ ఆ కోడ్ పేజీలను మెమరీలోంచి తీసేయగలదు. మరుక్షణం ఆ ప్రోగ్రామ్‌కి అవే కావాలి, మళ్లీ చదువుతుంది. తీసేయడం, చదవడం, మళ్లీ తీసేయడం. కెర్నల్ దృష్టిలో ఇంకా చోటు దొరుకుతూనే ఉంది, కాబట్టి ఎవర్నీ చంపాల్సిన పని లేదు. మన కంటికి మాత్రం కంప్యూటర్ చచ్చిపోయింది. స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే అదనపు చోటు) తీసేస్తే ఇది పోతుందని కొందరు అంటారు కానీ, కోడ్ పేజీల గొడవ స్వాప్ లేకపోయినా ఉంటుంది.

ఆల్ట్, ప్రింట్ స్క్రీన్, ఎఫ్ నొక్కించాను. పది సెకన్లలో బ్రౌజర్ ట్యాబ్ ఒకటి చచ్చిపోయి మౌస్ కదిలింది. వీడియో కాల్ అలాగే ఉంది, రిపోర్టు అలాగే ఉంది. చెల్లి కుర్చీలోంచి లేచి నిలబడింది.

జబ్బు దొరికిందని ఇద్దరం నమ్మేశాం. ఎర్లీఊమ్ అనే ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేశాను. మిగిలిన మెమరీ, ఖాళీ స్వాప్ రెండూ 10 శాతం కంటే తగ్గితే అదే ముందుకొచ్చి ఎక్కువ మెమరీ తింటున్న ప్రోగ్రామ్‌ని మూయిస్తుంది. ర్యామ్‌లోనే కుదించి దాచుకునే జీర్యామ్ స్వాప్ పెట్టాను. ఒకే రోజు రెండు మార్పులు చేశాను గానీ, రెండూ ఈ ఒక్క రోగానికే, అందులో ఏది ఎంత పనిచేసిందో విడదీయాల్సిన అవసరం నాకు లేదు.

10వ రోజు

మధ్యాహ్నం 1:42కి ఆగింది.

పరుగెత్తుకెళ్లి చూశాను. స్క్రీన్ మీద పీడీఎఫ్ పేజీ తెరిచి ఉంది. మూలన గడియారం 1:42 దగ్గర నిలిచిపోయింది. ఫ్యాన్ తిరుగుతోంది. డిస్కు లైటు ఆరిపోయి ఉంది. క్యాప్స్ లాక్ లైటు మారలేదు. ఎస్, యూ, బీ నొక్కాను, బీకి కూడా రీబూట్ కాలేదు.

ల్యాప్‌టాప్ దగ్గరికి వెళ్తే చివరి నాడి 1:42:35ది. మిగిలిన మెమరీ 4.9 జీబీ. ఉష్ణోగ్రత 36 డిగ్రీలు. లోడ్ 0.03. మెమరీ ప్రెషర్ సున్నా. ఆ తర్వాత లైను లేదు. పింగ్ ఆగింది. నెట్‌కన్సోల్‌లో ఒక్క అక్షరం లేదు.

ఆ లైను ముందు చాలాసేపు కూర్చున్నాను. 36 డిగ్రీలు, లోడ్ దాదాపు సున్నా. చేయడానికి పనేమీ లేని మెషిన్ అది.

12వ రోజు

నిన్న తెల్లవారుజామున ఇంకోసారి ఆగింది. నోట్‌బుక్ లెక్క తీశాను. 12 రోజుల్లో 7 సార్లు ఆగింది. కారణాల కోసం లాగ్‌లు తిరగేస్తుంటే చెల్లి పక్కన కూర్చుని నోట్‌బుక్ చదివి ఇలా అంది:

"అన్నయ్యా, ఇవి రెండు రకాలు. ఒకటి తడబడి తడబడి ఆగుతుంది. అది నేను బాగా పని చేస్తున్నప్పుడు. ఇంకొకటి టక్కున ఆగుతుంది. అది నేను చదువుకుంటున్నప్పుడో, లేచి వెళ్లినప్పుడో. టైప్ చేస్తుండగా టక్కున ఆగడం ఒక్కసారీ చూడలేదు."

ఇన్ని రోజులు రెండిటికీ ఫ్రీజ్ అని ఒకే పేరు రాసి, ఒకే కారణం వెతికాను. 7లో 3 తడబడేవి. అవి మెమరీవి, 9వ రోజు తర్వాత రాలేదు. 4 టక్కున ఆగేవి. నాలుగింటికీ క్యాప్స్ లాక్ చనిపోయింది, బీ పనిచేయలేదు, డిస్కు లైటు ఆరింది. పింగ్ పోయింది కాబట్టి ఒక్క స్క్రీన్ మాత్రమే ఆగే గ్రాఫిక్స్ తరహా హ్యాంగ్‌ని పక్కన పెట్టాను. అలాంటిదైతే ఎక్కువగా ల్యాప్‌టాప్ నుంచి ఎస్ఎస్‌హెచ్‌తో (నెట్‌వర్క్ మీదుగా ఇంకో మెషిన్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతితో) లోపలికి వెళ్లగలం.

6వ రోజు భోజనం వేళ ఆగింది కూడా ఈ జాబితాలోదే. ఆరు గంటలు పిండితే ఆగలేదు, అరగంట వదిలేస్తే ఆగింది.

13వ రోజు

ఖాళీగా ఉన్నప్పుడు ప్రాసెసర్ ఊరికే ఉండదు. అంచెలంచెలుగా నిద్రలోకి వెళ్తుంది. వీటిని సీ స్టేట్స్ అంటారు. సీ1లో గడియారం ఆపుకుని కునుకు తీస్తుంది, పిలవగానే లేస్తుంది. సీ6లో ఆ కోర్ తన రిజిస్టర్లలో ఉన్నదంతా వేరేచోట భద్రపరచుకుని, కరెంటు దాదాపు పూర్తిగా తీయించుకుంటుంది. లేచేటప్పుడు అన్నీ తిరిగి పేర్చుకోవాలి. ఆ పడుకోవడంలోనో లేవడంలోనో తేడా వస్తే మెషిన్ మొత్తం అక్కడే నిలిచిపోవచ్చు.

ఏదైనా కోర్ బిగుసుకుపోతే కనిపెట్టే హార్డ్ లాకప్ కాపలా కెర్నల్‌కి ఉంది కదా, అదెందుకు అరవలేదు అని ముందు అర్థం కాలేదు. మామూలుగా ఆ కాపలా ప్రాసెసర్ పనిచేసిన క్లాక్ సైకిళ్లను (గడియారం టిక్కులను) లెక్కపెట్టి, ఇంత కాగానే తట్టి చూసే పద్ధతి. నిద్రపోతున్న కోర్‌కి సైకిళ్లే లేవు. నిద్రలోనే పోయినవాడిని అది కనిపెట్టలేదు.

సిస్ ఫోల్డర్లో ప్రతి కోర్ కింద సీపీయూఐడిల్ అని ఒక ఫోల్డర్, అందులో ఒక్కో నిద్ర అంచెకి డిసేబుల్ అనే ఫైలు ఉంటాయి. అన్ని కోర్లలోనూ లోతైన అంచెకి (సీ6కి) ఆ ఫైల్లో 1 రాశాను. రీబూట్ కూడా అక్కర్లేదు. రీబూట్ చేస్తే పోతుంది కాబట్టి బూట్‌లో నడిచే చిన్న సర్వీస్‌లో పెట్టాను. ఇంకేదీ ముట్టుకోలేదు.

ఎన్నాళ్లు ఆగకపోతే కుదిరినట్టు? టక్కున ఆగడం 12 రోజుల్లో 4 సార్లు, సగటున 3 రోజులకు ఒకటి. ఇలా ఎప్పుడు పడితే అప్పుడు వచ్చేవాటికి, సగటుకు మూడు రెట్ల కాలం ఏమీ జరగకుండా గడవడం కేవలం అదృష్టవశాత్తూ అయ్యే అవకాశం సుమారు 5 శాతం. అంటే కనీసం 9 రోజులు. రెండు రోజులు ఆగకపోతే చాలనుకుని సంబరపడి, మూడో రోజు నీరుగారిపోయేవాళ్లు ఎక్కువగా ఈ లెక్క దగ్గరే దెబ్బతింటారు.

22వ రోజు

9 రోజులు. ఒక్కసారీ ఆగలేదు. రిపోర్టులో మూడో అధ్యాయం అయిపోయింది.

23వ రోజు

బూట్‌లో నడిచే ఆ సర్వీస్‌ని ఆపి, డిసేబుల్ ఫైళ్లలో తిరిగి 0 రాశాను. చెల్లికి కోపం వచ్చింది. బాగున్నదాన్ని మళ్లీ ఎందుకు పాడుచేస్తున్నావని. తన బాధ న్యాయమే. కానీ మధ్యలో వేరే అప్‌డేట్లు కూడా వచ్చాయి, వాటివల్లే కుదిరిందేమో నాకెలా తెలుస్తుంది? రిపోర్టు పనికి తనకు ల్యాప్‌టాప్ ఇచ్చి, నాడి వినే పని నా దగ్గరున్న ఇంకో చిన్న బోర్డుకి మార్చాను.

25వ రోజు

రాత్రి 11:17కి ఆగింది. లోడ్ 0.01. అన్నీ పాత గుర్తులే. ఇంత సంతోషంగా పవర్ బటన్ ఎప్పుడూ నొక్కలేదు.

26వ రోజు

లోతైన నిద్రే కారణమని తేలింది. అది ప్రాసెసర్ లోపమా, దానికి కరెంటు ఇచ్చేదాని లోపమా?

కేబినెట్ తెరిచి పాత ఎస్ఎంపీఎస్ మీది స్టిక్కర్ చదివాను. 2013లో ఇంటెల్ హాస్వెల్ ప్రాసెసర్లు వచ్చినప్పుడు ఇదొక పెద్ద చర్చ. వాటి లోతైన నిద్రలో 12 వోల్టుల లైను మీద లోడ్ 0.05 ఆంపియర్ దాకా పడిపోవచ్చని తెలిసి, ఎస్ఎంపీఎస్ కంపెనీలు తమ ఏ మోడళ్లు దాన్ని తట్టుకుంటాయో జాబితాలు ఇచ్చాయి. మనం ఎస్ఎంపీఎస్ కొనేటప్పుడు ఎన్ని వాట్ల బరువు మోయగలదు అని అడుగుతాం. ఏ బరువూ లేనప్పుడు నిలకడగా ఉండగలదా అన్నది కూడా అంతే ముఖ్యం. నాది ఆ చర్చకు ముందు కాలం సరుకు. ఆరేళ్ల క్రితం వాట్లు సరిపోతాయి కదా అని మార్చలేదు.

కొన్ని మదర్‌బోర్డుల బయోస్‌లో (లినక్స్ మొదలవకముందు తెరిచే సెట్టింగ్స్‌లో) పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్ అనే ఆప్షన్ ఉంటుంది. దాన్ని టిపికల్ కరెంట్ ఐడిల్‌కి మారిస్తే ప్రాసెసర్ ఖాళీగా ఉన్నప్పుడు కూడా కొంచెం ఎక్కువ కరెంటు లాగుతుంది. ఎస్ఎంపీఎస్ మార్చలేనివాళ్లకు అది మంచి దారి. నాకు మాత్రం లోపం ఎక్కడుందో తెలుసుకోవాలని ఉంది. అందుకని మిత్రుడి దగ్గర ఖాళీగా ఉన్న కొత్త తరం ఎస్ఎంపీఎస్ అడిగి తెచ్చి బిగించాను. 24 పిన్నుల కనెక్టర్ గట్టిగా పట్టేసి ఉంది, క్లిప్పుని లోపలికి నొక్కి అటూ ఇటూ మెల్లగా ఊపితే వచ్చింది. సీ6 ఆన్‌లోనే ఉంచాను.

38వ రోజు

12 రోజులు. సీ6 ఆన్‌లో ఉంది. తడబడీ ఆగలేదు, టక్కునా ఆగలేదు. 31వ రోజున ఎర్లీఊమ్ ఒక బ్రౌజర్ ట్యాబ్‌ని మూసింది, చెల్లి దాన్ని మళ్లీ తెరుచుకుంది, అంతే.

మిత్రుడి ఎస్ఎంపీఎస్ రేపు తిరిగి ఇచ్చేసి కొత్తది బిగిస్తాను. జర్నల్ సింక్‌ని మళ్లీ 5 నిమిషాలకు మార్చాను. 23వ రోజు నుంచి ఆపి ఉంచిన నిద్ర ఆపే సర్వీస్‌ని పూర్తిగా తీసేశాను. నెట్‌కన్సోల్, నాడి రెండూ రిపోర్టు ఇచ్చేదాకా నడుస్తాయి. కొత్త ఎస్ఎంపీఎస్‌కి కూడా 9 రోజుల లెక్క మళ్లీ మొదటినుంచి పెట్టాలి.

సాయంత్రం చెల్లి ల్యాప్‌టాప్ నాకిచ్చేసి డెస్క్‌టాప్ ముందు కూర్చుంది. పెన్‌డ్రైవ్ కాపీ మాత్రం మానలేదు. కీబోర్డు కింది చీటీ అలాగే ఉంది.